నా పర్యవేక్షణలో జరిగింది

మురళీకృష్ణ గారు రాజమండ్రిలో రెండు రోజుల ట్రైనింగుకి వెళ్ళొచ్చాక ఆయన మందుల షాపులో మూడు కొత్తవి వెలిశాయి. ఒకటి లామినేషన్ చేయించిన సర్టిఫికెట్టు. దాన్ని వెంకటేశ్వరస్వామి పటం పక్కన, షాపు లైసెన్సు కంటే జానెడు ఎత్తులో తగిలించారు. రెండోది 'కౌన్సెలింగ్ కార్నర్' అని రాసిన బోర్డు, దాని కింద ఒక ప్లాస్టిక్ స్టూలు. మూడోది ఆయన నవ్వు.

మొగల్తూరు సెంటర్లో ఇరవై రెండేళ్లుగా ఆ షాపు మెట్లెక్కుతున్నవాళ్ళు ఎవరూ ఆ నవ్వు ఎరగరు. పేషెంటు కళ్ళలోకి చూడాలని, నవ్వుతూ పలకరించాలని, చెప్పింది అర్థమైందో లేదో వాళ్ళ నోటితోనే తిరిగి చెప్పించుకోవాలని ట్రైనింగులో నేర్పారట. అందుకని ఇదివరకు కౌంటరు మీదకి విసిరేసే కవరునే ఇప్పుడు కళ్ళలోకి చూస్తూ, నవ్వుతూ చేతికిస్తున్నారు. కవర్లో బిళ్లలు మాత్రం మారలేదు.

ఆశాజ్యోతి సోమవారం పొద్దున్నే నరసాపురం బస్సు దిగి, ఇస్త్రీ కోటు మడత నలగకుండా చేతిమీద వేసుకుని ఆ షాపుకి వచ్చింది. ఫార్మసీ ఆఖరి సంవత్సరం. నెల రోజులు ఇక్కడ పని నేర్చుకోవాలి. కాలేజీ వాళ్ళ భాషలో మురళీకృష్ణ గారు ఆమెకి ప్రిసెప్టర్, అంటే షాపులో పని నేర్పే గురువు. ఆ హోదా కోసమే ఆయన్ని ట్రైనింగుకి పిలిచారు, భోజనం పెట్టారు, మెళ్ళో ట్యాగు వేశారు.

"రామ్మా, రా. లాగ్‌బుక్కు తెచ్చావా?" అన్నారాయన.

ఆమె సంచీలోంచి నీలం అట్ట పుస్తకం తీసిచ్చింది. ముప్పై పేజీలు, ప్రతి పేజీకీ అచ్చు వేసిన నంబరు. పైన ఆ రోజు చేసిన పని, నేర్చుకున్న విషయం రాయడానికి గీతలు. అడుగున ఒక వాక్యం: 'పైన రాసినదంతా నా పర్యవేక్షణలో జరిగింది.' దాని కింద ప్రిసెప్టర్ సంతకానికి చోటు.

మురళీకృష్ణ గారు పెన్ను తీసి మొదటి పేజీలో సంతకం పెట్టారు. రెండో పేజీ తిప్పి అక్కడా పెట్టారు. మూడోది. నాలుగోది. ఆయన వేలు తడి చేసుకుంటూ, బ్యాంకులో నోట్లు తిప్పినట్టు పేజీలు తిప్పుతూ ముప్పయ్యోదాకా వెళ్ళిపోయారు. తర్వాత స్టాంపు ప్యాడు తెరిచి ముప్పై ముద్రలు కొట్టారు.

"సంతకం ఏ రోజుకారోజు పడాలని ట్రైనింగులో మరీ మరీ చెప్పారమ్మా. రోజూ ఎక్కడ గుర్తుంటుంది? ఒక్కసారే అయిపోతే నీకూ నిశ్చింత, నాకూ నిశ్చింత."

ఆ ట్రైనింగు ఆయనకి ఎంత బాగా ఒంటబట్టిందో ఆశాజ్యోతికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కాలేజీలో మొదటి ర్యాంకు పిల్ల. ఇలాంటి మనిషి దగ్గర నేర్చుకునేదేముంటుంది అనుకుంది. అనుకోవడమే కాదు, పెదవి కూడా విరిచింది. అదృష్టం బావుండి ఆయన అప్పుడు ముద్ర ఆరిందా లేదా అని ఊదుకుంటున్నారు.

మంగళవారం ఆమెకి మొదటి పాఠం దొరికింది. సెట్లు కట్టడం.

ఊరవతల రొయ్యల షెడ్డు ఉంది. తెల్లవారితే ఆడవాళ్ళు వ్యానెక్కి అక్కడికి వెళ్ళి, మంచుగడ్డలు కలిపిన నీళ్ళలో చేతులు ముంచి సాయంత్రందాకా రొయ్యలు ఒలుస్తారు. నెల తిరిగేసరికి వేళ్ళ కణుపులు ఉబ్బుతాయి. నిలబడీ నిలబడీ మోకాళ్ళు పట్టేస్తాయి. ఏడింటికి వ్యాను సెంటర్లో ఆగినప్పుడు వాళ్ళు దిగి మురళీకృష్ణ గారి దగ్గర సెట్టు కొనుక్కుంటారు. సెట్టంటే చిన్న కాగితం కవర్లో విడి బిళ్లలు నాలుగు. పొద్దున ఒక కవరు, సాయంత్రం ఒక కవరు. చీటీ ఉండదు, బిళ్ల పేరుండదు, పేరున్న అట్ట ముందే తీసేసి ఉంటుంది. ఈ ప్రాంతంలో ఇది ఎవరికీ తప్పుగా తోచదు. ఇడ్లీ కట్టించుకున్నట్టే కట్టించుకుంటారు.

"తెల్లది ఒకటి, పసుప్పచ్చది ఒకటి, గులాబీది ఒకటి, ఇదిగో ఈ చిన్నది ఒకటి. నలభై కవర్లు కట్టు," అని నాలుగు డబ్బాలు ముందు పెట్టారు మురళీకృష్ణ గారు.

తెల్లది జ్వరం బిళ్ల. పసుప్పచ్చది నొప్పి బిళ్ల. గులాబీది గ్యాసుకి. చిన్నదాన్ని ఆమె వేలి కొస మీద పెట్టుకుని చూసింది. డబ్బా అడుగున పడున్న అట్టముక్క మీద పేరు చదివింది. స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడనిది. నొప్పిని మంత్రించినట్టు తీసేస్తుంది. నెలల తరబడి మింగితే మొహం గుండ్రంగా ఉబ్బిస్తుంది, ఎముకలు గుల్ల చేస్తుంది, షుగరు తెస్తుంది.

"సార్, ఈ చిన్నది స్టెరాయిడ్ కదండీ. రోజుకి రెండు, అదీ చీటీ లేకుండా..."

మురళీకృష్ణ గారికి కోపం రాలేదు. ట్రైనింగు గుర్తొచ్చింది. స్టూడెంటుని సరిదిద్దేటప్పుడు ముందో మెచ్చుకోలు, మధ్యలో తప్పు, చివర మరో మెచ్చుకోలు చెప్పాలట.

"నీ చేతిరాత చాలా బావుందమ్మా," అన్నారు కళ్ళలోకి చూస్తూ. "నోరే కాస్త ఎక్కువ. కోటు మాత్రం తెల్లగా ఉంది."

తర్వాత గొంతు తగ్గించారు. "ఆ చిన్నది లేకపోతే వాళ్ళు మంచులో చెయ్యి పెట్టలేరు. నేనివ్వకపోతే ఎదురు షాపువాడు ఇస్తాడు. వాడికి ట్రైనింగు కూడా లేదు."

అంతలో వ్యాను వచ్చింది. అందరికంటే ముందు మెట్లెక్కిన మనిషి సూరమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. చేతులు కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి గానీ మొహం మాత్రం నిండుగా, బుగ్గలు మెరుస్తూ ఉంది. మోచేతి దగ్గర నల్లగా కమిలిన మచ్చలు.

"కొత్తగా వచ్చారా అమ్మాయిగోరూ? బాగున్నారండి తెల్లకోటులో," అంది సూరమ్మ కవరు అందుకుంటూ.

"ఎన్నాళ్ళనుంచి వాడుతున్నారండి ఇవి?"

"రెండేళ్లు దాటిపోయిందండి. ఇయ్యి ఏసుకోకపోతే పొద్దున్న మంచం దిగలేనండి. ఏసుకున్నానంటే గుర్రమేనండి నేను. అందరూ అంటన్నారు, సూరమ్మకి మొకం నిండింది, ఒళ్ళు చేసింది అని."

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు. సూరమ్మ కూడా నవ్వింది. ఉబ్బిన బుగ్గల మధ్య ఆమె కళ్ళు చిన్న గీతలైపోయాయి. పుస్తకంలో బొమ్మ చూసి పరీక్షలో రాసిన మొహం ఎదురుగా నిలబడి నవ్వుతుంటే ఆశాజ్యోతికి ఒళ్ళు మండిపోయింది. మురళీకృష్ణ గారి మీద, గోడ మీద సర్టిఫికెట్టు మీద, ఆ స్టూలు మీద కూడా.

బుధవారం ఆమె ఒక పని చేసింది. కవర్లన్నీ కట్టాక రెంటిని పక్కన పెట్టి, వాటిలోంచి చిన్న బిళ్ల తీసేసింది. గుర్తుకి మూలన పెన్నుతో చుక్క పెట్టింది. సూరమ్మ రాగానే పొద్దుటిదీ సాయంత్రందీ ఆ రెండూ ఇచ్చింది. తీసేసిన బిళ్లల్ని కోటు జేబులో వేసుకుంది. అందరికీ తీసేస్తే మురళీకృష్ణ గారు పట్టేస్తారు. ఒక్క మనిషినైనా కాపాడదాం అనుకుంది.

సూరమ్మకి చెప్పాలని ఒక్కసారి అనిపించకపోలేదు. కానీ చెబితే ఆ మనిషి వెంటనే, "ఏంటండీ, ఇందులో ఒకటి తక్కువుంది," అని షాపాయన్ని అడుగుతుంది. ఆయనకి తెలిస్తే మార్కులు పోతాయి. అయినా చదువుకోని మనిషికి స్టెరాయిడ్ గురించి ఏం చెబుతాం, ఏం అర్థమవుతుంది? ఇలా తనకి తనే జవాబు చెప్పుకుంది మొదటి ర్యాంకు పిల్ల. గురువారం కూడా చుక్క పెట్టిన కవర్లే ఇచ్చింది. శుక్రవారం కూడా.

శుక్రవారం పదకొండింటికి కాలేజీ నుంచి రాజేంద్ర గారు తనిఖీకి వచ్చారు. రాజమండ్రిలో ఆ ట్రైనింగు ఇచ్చింది ఈయనే. చేతిలో ఇరవై ప్రశ్నల ఫారం ఉంది. కౌన్సెలింగ్ కార్నర్ ఉందా, ఉంది. బోర్డు ఉందా, ఉంది. సర్టిఫికెట్టు అందరికీ కనబడేలా ఉందా, వెంకన్న కంటే బాగా కనబడుతోంది.

స్టూలు మీదున్న ఓఆర్ఎస్ అట్టపెట్టెలు అప్పటికే వెనక్కి వెళ్ళిపోయాయి. వాటి స్థానంలో సూరమ్మ కూర్చుని ఉంది. మాట చెబితే వింటుందని మురళీకృష్ణ గారు ఆమెని ఆ పూట పని మాన్పించి పిలిపించారు.

"అమ్మా, ఈ బిళ్ల అన్నం తిన్నాక వేసుకోవాలి. తగ్గకపోతే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాలి. ఇప్పుడు నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి," అన్నారు మురళీకృష్ణ గారు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ.

"తిన్నాక ఏసుకోవాలండి. తగ్గకపోతే డాక్టరుగోరి కాడికి ఎల్లాలండి." సూరమ్మ కాసేపు ఆలోచించింది. "ఇంకోటేదో అనమన్నారు పొద్దున్న. మర్సిపోయానండి."

రాజేంద్ర గారు పకపకా నవ్వి ఫారం మీద ఐదుకి ఐదు వేశారు.

"బాబుగోరూ," అంది సూరమ్మ స్టూలు అంచు పట్టుకుని. "నిన్నట్నుంచి డోకులండి. లేత్తే కళ్ళు తిరిగిపోతన్నాయి. కాళ్ళల్లో సత్తువ లేదు."

"అది తర్వాత మాట్లాడదామమ్మా," అన్నారు మురళీకృష్ణ గారు నవ్వు చెదరకుండా.

"ఎండలు కదా, ఓఆర్ఎస్ ఇవ్వండి," అన్నారు రాజేంద్ర గారు. తర్వాత ఆశాజ్యోతి వైపు తిరిగారు. "నీకు ఈ షాపులో ప్లేస్‌మెంటు దొరకడం అదృష్టం అమ్మాయ్. ఇలాంటి ప్రిసెప్టర్ జిల్లా మొత్తానికి నలుగురు లేరు."

ఆశాజ్యోతి ఆయన మాట వినలేదు. సూరమ్మ మొహం చూస్తోంది. బుగ్గల మెరుపు పోయి బూడిద రంగు తిరిగింది. డోకులు, కళ్ళు తిరగడం, సత్తువ లేకపోవడం. ఈ మూడూ వరసగా ఎక్కడో చదివింది. ఎక్కడో గుర్తు రాలేదు. ఇంటికెళ్ళి చూడాలి అనుకుంది.

చూసింది. మూడో సంవత్సరం పుస్తకంలో, పేజీకి ఎడమవైపు, తన చేత్తోనే ఎర్రగా గీత గీసి ఉంది. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపరాదు, మోతాదు కొద్దికొద్దిగా తగ్గించాలి, ఆపితే ప్రాణాపాయం. ఆ ప్రశ్నకి పరీక్షలో తనకి పూర్తి మార్కులొచ్చాయి. పక్కన చిన్న నక్షత్రం కూడా వేసుకుంది.

శనివారం మొదటి బస్సుకి వెళ్ళి సెంటర్లో నిలబడింది. జేబులో ఆరు చిన్న బిళ్లలున్నాయి. ఏడింటికి వ్యాను ఆగింది. ఆడవాళ్ళు దిగారు. సూరమ్మ లేదు.

"పొద్దున్నే పడిపోయిందండి, పంపుకాడ," అంది ఒకామె. "మాటా పలుకూ లేదు. కూతురు వీరవేణీ, ఆటో అబ్బాయీ కలిసి నర్సాపురం పెద్దాసుపత్రికి ఏసుకుపోయారు."

షాపులో ఫోను మోగుతోంది. మురళీకృష్ణ గారు ఎత్తారు. అవతలనుంచి వీరవేణి ఏడుపు ఆశాజ్యోతి దాకా వినబడింది. మా అమ్మకి రోజూ ఏం బిళ్లలిత్తన్నారో డాక్టరుగారు అడుగుతున్నారని అంటోంది.

"ఏముంది తల్లీ, జ్వరం బిళ్ల, నొప్పి బిళ్ల, గ్యాసు బిళ్ల. అంతే. మన షాపులో ప్రమాదమైనవి ఉండవు. కవరు ఉంటుంది కదా, డాక్టరు గారికి చూపించు," అన్నారాయన. ఫోను పెట్టేసి చేత్తో మొహం తుడుచుకున్నారు. తర్వాత నాలుగో డబ్బా తీసి బల్ల కింద పెట్టారు.

కవరు చూపిస్తే అందులో నిజంగానే మూడే ఉంటాయి. ఆయన అబద్ధానికి సాక్ష్యం ఆశాజ్యోతి తన చేత్తో తనే తయారుచేసి పెట్టింది. నోరు విప్పకపోతే ఎవరికీ తెలీదు. ఆయనకి తెలీదు, కాలేజీకి తెలీదు, నెల తిరిగితే మంచి మార్కులొస్తాయి. సూరమ్మ మాత్రం బతకదు.

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.

"ఎక్కడికమ్మా? సెట్లు కట్టాలి!" అని వెనకనుంచి కేక వినబడింది. ఆమె ఆటో ఎక్కేసింది.

ఆసుపత్రి వార్డులో సూరమ్మ కళ్ళు మూసుకుని ఉంది. సెలైను ఎక్కుతోంది. డాక్టరు మెర్సీ గారు కాగితం కవరు అరచేతిలో బోర్లించి మూడు బిళ్లలూ చూస్తున్నారు.

"మొహం చూస్తే ఒకటి చెబుతోంది, కవరు చూస్తే ఇంకొకటి చెబుతోంది," అన్నారావిడ తనలో తను అనుకున్నట్టు. "బీపీ నిలబడటం లేదు."

"నాలుగోది ఉందండి," అంది ఆశాజ్యోతి. జేబులోంచి ఆరు బిళ్లలూ తీసి చూపించింది. "ఇది. రెండేళ్లుగా రోజుకి రెండు. బుధవారం నుంచి నేనే తీసేశానండి."

డాక్టరు ఆమెని ఒక్క చూపు చూశారు. తిట్టడానికి కూడా ఆగలేదు. నర్సుని పిలిచి స్టెరాయిడ్ ఇంజెక్షను పేరు, మోతాదు చెప్పారు. నరంలోకి మందు వెళ్ళేదాకా సూరమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఆ తర్వాత ఇటు తిరిగారు.

"ఎవరు నువ్వు?"

"ఫార్మసీ స్టూడెంటునండి. ఆ షాపులో ట్రైనింగు."

"అయితే ఇప్పుడు చెప్పింది రాసివ్వు. కేసు షీటులో పెట్టాలి. మీ షాపులవాళ్ళు ఏనాడూ కాగితం ముక్క ఇవ్వరు. వచ్చిన ప్రతివాళ్ళూ తెల్ల బిళ్లండి, పచ్చ బిళ్లండి అంటారు. మేం సోది చెప్పేవాళ్ళలా ఊహించుకోవాలి ఇక్కడ."

రాయడానికి ఆశాజ్యోతి సంచీలో లాగ్‌బుక్కు తప్ప వేరే కాగితం లేదు. ఆరో పేజీ తీసింది. పైన ఖాళీగా ఉంది. కింద సంతకం, ముద్ర సిద్ధంగా ఉన్నాయి. ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి, కొట్టేసి, తెలుగులో మళ్ళీ మొదలుపెట్టింది. షాపులో ఏ బిళ్ల ఇచ్చారో, ఎన్నాళ్ళుగా ఇచ్చారో రాసింది. చీటీ లేదని రాసింది. బుధ, గురు, శుక్రవారాల్లో ఆ బిళ్ల తనే తీసేసిందనీ, ఒక్కసారిగా ఆపకూడదని చదివి కూడా మరిచిపోయిందనీ, పేషెంటుకి చెప్పలేదనీ రాసింది. కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. పేజీని కుట్టు దగ్గర నెమ్మదిగా చింపింది.

డాక్టరు పైనుంచి కిందిదాకా చదివారు. అడుగున అచ్చు వేసిన వాక్యాన్ని రెండోసారి పైకే చదివారు. 'పైన రాసినదంతా నా పర్యవేక్షణలో జరిగింది.' అప్పుడు కేసు షీటుకి పెట్టి పిన్ను కొట్టారు.

పదిన్నరకి మురళీకృష్ణ గారు స్కూటరు మీద వచ్చారు. చెమటలు కారుతున్నాయి. నవ్వు షాపులోనే మరిచిపోయినట్టున్నారు. వీరవేణి దగ్గర సంగతి తెలుసుకుని నేరుగా ఆశాజ్యోతి దగ్గరికి వచ్చారు. మంచం మీద మనిషి వైపు చూడనైనా లేదు.

"ఆ పేజీ ఎక్కడమ్మా? ఇటిచ్చెయ్. కొత్త లాగ్‌బుక్కు తెప్పిస్తాను. ముప్పై సంతకాలూ మళ్ళీ పెట్టేస్తాను. మార్కులు నువ్వెన్నంటే అన్ని."

"అది నా దగ్గరుందండి," అన్నారు మెర్సీ గారు వెనకనుంచి. కేసు షీటు ఆయన ముందు పట్టుకున్నారు. "ఇది మీ సంతకమేనా?"

మురళీకృష్ణ గారు చూశారు. తన సంతకమే, తన ముద్రే, అదీ వంకర లేకుండా పడింది. అవునంటే ఇదంతా ఆయన కళ్ళముందే జరిగినట్టు. సోమవారమే ఖాళీ కాగితాల మీద పెట్టేశానంటే ఆ గోడ మీద సర్టిఫికెట్టు గతి ఏంటి? ట్రైనింగులో ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు.

"సంతకం ఏ రోజుకారోజు పడాలి కదండీ," అంది ఆశాజ్యోతి.

ఆయన వెళ్ళిన పావుగంటకి రాజేంద్ర గారు ఫోను చేశారు. షాపులో ఏం జరిగిందని గానీ, మనిషి ఎలా ఉందని గానీ అడగలేదు. "లాగ్‌బుక్కులో పేజీ చింపావట. నంబరు తప్పితే చెల్లదని తెలుసు కదా? ప్లేస్‌మెంటు మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. నీ బ్యాచి వాళ్ళతో బయటికి రాలేవు," అన్నారు. సరేనండి అంది. అంటే ఆమెకి ఆరు నెలలు నష్టం. మురళీకృష్ణ గారిని గెలిచానన్న పొగరు కాసేపు ఆమె కడుపులో వెచ్చగా ఉంది. బ్యాచి వెనకబడ్డా ఫర్వాలేదనిపించింది.

సాయంత్రానికి సూరమ్మ కళ్ళు తెరిచింది. వీరవేణి గ్లాసుతో కొబ్బరినీళ్ళు పడుతుంటే రెండు గుక్కలు తాగి, మంచం పక్క తెల్లకోటుని గుర్తుపట్టింది.

"మీరేంటండి ఇక్కడ?"

ఆశాజ్యోతి చెప్పింది. కవర్లో ఉండే చిన్న బిళ్ల ఏంటో, అది రెండేళ్లలో ఏం చేసిందో, తను ఎందుకు తీసేసిందో, తీసేస్తే ఏమైందో. తన మీద ఆ మనిషి చెయ్యెత్తినా బావుండుననిపించింది. సూరమ్మ కదలకుండా వింది. ఒక్క ముక్క కూడా మళ్ళీ అడగలేదు. అంతా అర్థమైంది.

"ఇంత సులువుగా ఉంది కదండీ చెప్తే," అంది చివరికి. "ఆయనెలాగూ చెప్పలేదు. మరి మీరెందుకు చెప్పలేదమ్మా? రోజూ నా చేతికే ఇచ్చారు కదా."

మురళీకృష్ణ గారి మీద వారం రోజులుగా పెంచుకున్న అసహ్యమంతా అప్పుడు ఎదురు తిరిగి ఆశాజ్యోతి మీదే పడింది. ఆయన ఈ మనిషిని అడగకుండా వేశాడు. తను అడగకుండా తీసింది. ఇద్దరూ నవ్వుతూనే కవరు అందించారు.

నర్సు వచ్చి సూరమ్మ అరచేతిలో రాత్రికి వేసుకోవాల్సిన బిళ్లలు రెండు పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. సూరమ్మ వాటిని నోట్లో వేసుకోలేదు. గుప్పిట విప్పి ఆశాజ్యోతి ముందుకి చాపింది.

"ఇదేంటి? ఇదేంటి? ఒక్కోటీ చెప్పండి. చెప్పాకే ఏసుకుంటాను."

ఆశాజ్యోతి కోటు విప్పి సంచీలో పెట్టింది. స్టూలు కోసం చూసింది. లేదు. మంచం పక్కన నేల మీదే కూర్చుని, మొదటి బిళ్ల పేరు చెప్పడం మొదలుపెట్టింది.